వాదం గెలిచాను, కాగితం అక్కడే ఉంది

మొన్న మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన మనిషి తీగ కొస ఒలిచి, చిన్న ప్లగ్గులో దూర్చి, పటకారుతో నొక్కాడు. ‘టక్’మని చప్పుడైంది. తర్వాత ఆ తీగను ఒకసారి వెనక్కి లాగి చూశాడు. సరిగ్గా కూర్చుందని తెలిసినా లాగి చూశాడు. నాకు యాదగిరి గారు గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. ఆయన పేరు ఏ సినిమా తెర మీదా పడలేదు. అయినా నా ఆలోచనను అంతగా మార్చిన మనిషి మరొకరు లేరు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసులో పనిచేసేవాణ్ణి. రచయిత చేతిరాతలో వచ్చిన సంభాషణలను సరిచూసి, కంప్యూటర్‌లో టైపు చేయించి సెట్‌కు పంపడం నా పని. అంతకుముందు మా ఊరి హేతువాద సంఘంలో పెరిగాను. వేదిక ఎక్కి పండితులను ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేయడం నాకు వచ్చిన ఒకే విద్య. కొబ్బరికాయ కొట్టకుండా కెమెరా కదలని చోట ఆ విద్యకు ఏ రోజూ పని కరువు కాలేదు.

ఆఫీసులో ఉన్న ఐదు కంప్యూటర్లను ఒకే తీగతో కలపడానికి యాదగిరి గారు వచ్చారు. షేక్‌పేట మనిషి. యాభై ఏళ్లుంటాయి. చాలాకాలం టెలిఫోన్ లైన్లు లాగి, తర్వాత ఈ పని నేర్చుకున్నారు. ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని వాడే మనిషి చెవిలో మాత్రమే చెప్పారు. ముందు గదిలో వచ్చినవాళ్లకు ఫోటోలు చూపించే కంప్యూటర్ ఒకటుండేది. అందులోంచి కథ కాగితాలు తెరుచుకోకుండా కట్టడి చేశారు. “ముంగటి గదిల కూసునేటోళ్లు ఎవరో మనకెరుకనా సారూ?” అన్నారు.

రెండు రోజుల తర్వాత పూజ జరిగింది. నిర్మాతగారి సిద్ధాంతి అంకెలు కూడి, ఐదు కంప్యూటర్లకూ పాస్‌వర్డ్‌గా ఒకే శుభమైన మాట ఉండాలన్నాడు. ఆ మాటను పసుపు అంచు కాగితాల మీద రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక్కో తెర నుదుటన అతికించాడు. నేను ఊరుకోలేదు. అక్షరాలకు అంకెలు ఎవరు ఇచ్చారు, ఏ లెక్కన ఇచ్చారు అని అరగంట నిలబెట్టి అడిగాను. సిద్ధాంతి జవాబు చెప్పలేక కాఫీకి లేచాడు. నిర్మాతగారు పొట్ట పట్టుకుని నవ్వారు. “మాస్టారూ, మీరే గెలిచారు. కానీ సినిమా నాది కదండీ!”

యాదగిరి గారు దేవుడి జోలికే పోలేదు. “బొట్టు పెట్టుకోండ్రి, కొబ్బరికాయ కొట్టుండ్రి, నాకేం లేదు. గా తాళంచెవి మాత్రం తలుపుకు అతికియ్యకుండ్రి” అని నిర్మాతగారికి చెప్పారు. ఆయన వినలేదు. వెళ్లేటప్పుడు యాదగిరి గారు నా దగ్గర ఆగారు. “సారూ, వాదం మీరు గెలిచిండ్రు. కాగితం గాడనే ఉన్నది.” నాకు కోపం వచ్చింది. ఈయన కూడా మూఢుడే అనుకున్నాను.

ఒకరోజు ఐదు కంప్యూటర్లూ ఒకదానికొకటి కనబడడం మానేశాయి. ఎలుక కొరికిందని లెక్కల గుమస్తా అన్నాడు. బల్లలు జరపడంతో వాస్తు చెడిందని నిర్మాతగారు అన్నారు. నాసిరకం తీగ అని నేను తేల్చేశాను. యాదగిరి గారు వచ్చి తీగలన్నీ విప్పారు. మొదటి రెండు కంప్యూటర్లనే కలిపి చూశారు. పలికాయి. మూడోదాన్ని చేర్చారు. అది నాది. అన్నీ మూగబోయాయి. బల్ల కిందికి వంగి, “కాళ్లు చాపి కూసుంటరా సారూ?” అని అడిగారు. తీగను వదులు చేసింది నా పాదమే. టైపు చేసే పద్మజ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

పద్మజకు పాతికేళ్లుంటాయి. వెంగళరావు నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నేను సరిచూసిన కాగితాల్లో కూడా తప్పులు పట్టేది. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోందని అందరికీ తెలుసు.

సినిమా ముహూర్తమైన రెండు వారాలకు ఒక సినీ వారపత్రికలో మా పతాక సన్నివేశం సంభాషణలతో సహా అచ్చయింది. అప్పటికి ఆ సన్నివేశం చిత్రీకరించనే లేదు. నిర్మాతగారు నన్ను గదిలోకి పిలిచారు. “మాస్టారూ, మీరు తర్కం చదివినవారు. ఎవరి పనో మీరే చెప్పండి.”

చెప్పాను. ఆ సన్నివేశం చూసింది ముగ్గురం. రచయిత తన రాతను తానే బయట పెట్టుకోడు. నేను కాదు. మూడో పేరు చెప్పవలసిన అవసరం రాలేదు. నా మాట పొందికగా వచ్చిందని ఆ క్షణంలో కొంచెం గర్వం కూడా కలిగింది.

“మాస్టారూ, నేను కాదని మీరైనా చెప్పండి” అంది పద్మజ, ఇక రావద్దని నిర్మాతగారు చెప్పాక.

“తర్కం ఎవరి మొహమూ చూడదమ్మా” అన్నాను. ఆమె క్యారియర్ సర్దుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు యాదగిరి గారు వచ్చి, “పాపేది?” అని అడిగారు. చెప్పాను.

“ఎవరు చూసిండ్రు?”

“చూడక్కర్లేదండీ. ఆలోచిస్తే తెలుస్తుంది.”

“గట్లనా. జర లేవుండ్రి.”

కంప్యూటర్ తనలో ఈమధ్య తెరిచిన ఫైళ్ల పట్టికను తానే ఉంచుకుంటుంది. యాదగిరి గారు ఒక్కోదానిలో ఆ పట్టిక చూస్తూ ముందు గదికి చేరారు. ఫోటోలు చూపించే కంప్యూటర్‌లో, ఫోటోల పేర్ల మధ్య, మా పతాక సన్నివేశం పేరు కనబడింది. పక్కన తేదీ, వేళ కూడా ఉన్నాయి. ముహూర్తం రోజు, పొద్దున పది దాటాక.

“అన్నిటికీ ఒకటే మాటాయె, పసుపు కాగితం చూసి ఎవడో కొట్టిండు. గా యాల్లకు పాప యాడున్నది సారూ?”

ఆ వేళకు మేమంతా స్టూడియోలో ఉన్నాం. పద్మజ సంభాషణల కాగితాలు పట్టుకుని నా పక్కనే నిలబడింది. ముహూర్తాల మీద నేను విసుక్కుంటుంటే వింటూ నిలబడింది. ఆఫీసు ముందు గదిలో ప్రసాదం కోసం కూర్చున్న అతిథులు తప్ప మరెవరూ లేరు. వాళ్లలో ఎవరో ఇప్పటికీ తెలియదు. కానీ ఆమెకు సాక్షిని నేనే. ఏ రోజు, ఏ వేళ అని నన్ను నేను ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు.

నిర్మాతగారు అంతా విని నిట్టూర్చారు. “అయ్యో పాపం. ఇంకో అమ్మాయి చేరిపోయింది కదండీ ఇప్పుడు.” మర్నాడు సిద్ధాంతి కొత్త మాట ఇచ్చాడు. కొత్త కాగితాలు అతికాయి. వాదించే ఓపిక నాలో లేదు. యాదగిరి గారు మాత్రం ముందు గది కంప్యూటర్‌ను తీగలోంచి విడదీసి వచ్చారు. “ఫోటోలు చూపెట్టనీకి గీ తీగెందుకు?” అన్నారు.

ఆ సాయంత్రం ఆయన స్కూటర్ మీదే వెంగళరావు నగర్ వెళ్లాం. గేటు దగ్గర ఆయన ఆగిపోయారు. “మాట మీది. మీరే చెప్పాలె.”

పద్మజ తలుపు తీసి, కూర్చోమని మంచినీళ్లిచ్చింది. జరిగింది చెప్పి, క్షమించమన్నాను.

“ఆ రోజు మీ పక్కనే ఉన్నాను కదండీ.”

“ఉన్నావమ్మా.”

“రుజువు దొరికింది కాబట్టి వచ్చారు. దొరక్కపోతే వచ్చేవారా?”

జవాబు చెప్పలేకపోయాను. ఎంతోమంది పండితులను అలా నిలబెట్టినవాణ్ణి.

బయటికి వచ్చాక యాదగిరి గారు ఏమన్నదని అడిగారు. చెప్పాను. “సరిగనే అడిగింది” అని స్కూటర్ కిక్కు కొట్టారు. నన్ను ఓదార్చలేదు.

తర్వాత నేను సినిమాలు వదిలి వ్యాసాలకే పరిమితమయ్యాను. మూఢనమ్మకాల మీద నా కోపం తగ్గలేదు. కానీ ఒక మనిషి పేరు పెట్టి ఇది వీడి పనే అని రాయబోయే ముందు కలం పక్కన పెట్టి, వెళ్లి ఆ మనిషినే అడుగుతాను. కొందరు దొరకరు. కొందరు తలుపు తీయరు. అలాంటి వ్యాసాలు అచ్చుకు వెళ్లవు. నీలో నిప్పు చల్లారిందని పాత మిత్రులు అంటారు. కావచ్చు. అలసిపోయాను కూడా. అయినా బస్సెక్కి వెళ్లి అడిగే వస్తాను. అడగవలసిన రోజున పద్మజను మాత్రం అడగలేదు.