తిప్పన్న రొట్టె, నా డ్రిల్లు

నిన్న సత్యనారాయణపేటలో ఒక కొట్టు ముందు జొన్నరొట్టె కాలుతున్న వాసన తగిలింది. నా ఈడువాళ్ళకు ఆ వాసనతో ఏమేం గుర్తొస్తాయో గానీ, నాకు ఎమ్మిగనూరు బడి గుర్తొచ్చి, అక్కడ ఆగకుండా నడిచాను.

కాలువ నీళ్ళొచ్చి, జొన్నచేలల్లో వరి వేయడం మొదలైన కొత్తలు. డబ్బాలో తెల్లన్నం తెచ్చేవాళ్ళు గొప్పవాళ్ళయ్యారు, జొన్నరొట్టె వాళ్ళు గోడవైపు తిరిగి తినేవాళ్ళు. గుర్తుందా మీకు? నేను ఆరోగ్యం మీద చిన్న చిన్న పుస్తకాలు చదివి ఊగిపోయేవాణ్ణి. మేష్టరును ఒప్పించి, మధ్యాహ్నం తిండికి ముందు తరగతిలోనే అందరిచేత డ్రిల్లు చేయించేవాణ్ణి. ఒకరోజు డ్రిల్లయ్యాక, నా పక్కన కూర్చునే తిప్పన్న గుడ్డమూటలోంచి రొట్టె లాక్కుని పైకెత్తాను.

"చూడండప్పా, బలమంతా దీంట్లో ఉండాది. మీ తెల్లన్నంలో ఏముండాది?"

కోస్తా నుంచి వచ్చిన రైతు కొడుకు సుబ్బారావు తాపీగా అడిగాడు. "మరి నువ్వెందుకురా రోజూ తెల్లన్నమే తెస్తావు?"

తరగతంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండి, రొట్టె చేతిలో ఆడిస్తూనే వాదించాను. తిప్పన్న తలెత్తలేదు.

మర్నాటి నుంచి వాడు మూట తేవడం మానేశాడు. అడిగితే, "ఇంటికాడ తినొచ్చినాలేప్పా" అన్నాడు. నమ్మాను. పొద్దున తాగిన అంబలి మీదే సాయంత్రం దాకా ఉంటున్నాడని చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఆ ఏడాదంతా డ్రిల్లు సగంలో వాడి చేతులు వాలిపోయేవి. "ఏందప్పా తిప్పన్నా, బద్ధకమా? ఇంకా పైకెత్తు" అని అరిచేవాణ్ణి.

వాడు ఎత్తేవాడు.