అమలాపురం వెళ్లిన అదృష్టపు మెల్ల

మా మనవరాలు సిరి ఎడమ కన్ను, నిద్ర ముంచుకొచ్చే ముందు కొంచెం ముక్కు వైపు తిరుగుతుంది. ఉయ్యాలలో ఉన్నప్పుడే అది చూసి "అదృష్టపు మెల్ల" అని ఇంటిల్లిపాదికీ చెప్పింది నేనే. కాస్త మెల్ల ఉన్న ఆడపిల్ల ఇంటికి కలిసొస్తుందని మా వైపు నమ్మకం. కిందటేడు మా కోడలు దేవి "ఒకసారి చూపిద్దామండి అత్తయ్యగారూ" అంటే, "నాలుగేళ్ల పిల్లకి కళ్లజోడేమిటి, నలుగురూ నవ్విపోతారు" అని నోరు మూయించాను. ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఇంట్లో నా మాటకి ఎదురు లేదు.

ఈ ఏడు సిరి బడిలో కళ్ల పరీక్ష పెట్టారు. ఎడమ కన్ను మూస్తే చార్టు మీద బొమ్మలన్నీ గడగడా చెప్పిందట. కుడి కన్ను మూసేసరికి "చార్టు తీసేసేరాండి టీచర్‌గారూ?" అని అడిగిందట. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. మా తమ్ముడికీ ఇలాగే మెల్ల ఉండేది, వాడిదీ అదృష్టమే అన్నారు. పెద్దయ్యాక రైల్వే ఉద్యోగం వచ్చినట్టే వచ్చి కంటి పరీక్షలో పోయింది. చిన్నప్పుడే తీసుకురావలసిందని అక్కడి డాక్టరు అన్నారట. సిరి విషయంలోనూ ఆ మాటే వినాల్సి వస్తుందేమోనని నా భయం.

కోడలికి నెలలు నిండాయి. మా అబ్బాయి చెరువులో రొయ్యలు పట్టించే పనిలో తలమునకలుగా ఉన్నాడు. అందుకని పిల్లని తీసుకుని నేనే బయలుదేరాను.

సఖినేటిపల్లిలో ఉదయం ఆరున్నరకి ఆటో ఎక్కి, ఏడింటికి రాజోలులో దిగాం. ఏడుంపావుకి అమలాపురం బస్సు దొరికింది. ఆడవాళ్లకి టికెట్టు ఊరికే ఇస్తున్నారు గానీ ఆధార్ కార్డు చూపించాలి. నాది సంచి అడుగున పెరుగన్నం డబ్బా కింద ఇరుక్కుంది. "తీరిగ్గా తియ్యండి మామ్మగారూ, అమలాపురం ఇంకా గంటన్నర ఉందండి" అన్నాడు కండక్టరు. వెళ్లేవాళ్లు కార్డు పైన పెట్టుకోండి.

తాటిపాకలో ఒక పెద్దావిడ ఎక్కి మా పక్కన కూర్చుంది. సిరి గడ్డం పట్టుకుని, "ఎంత బాగుందోనండి మెల్ల! మీ ఇంటికి లక్ష్మీదేవేనండి" అంది. వారం కిందటైతే పొంగిపోయేదాన్ని. "ఆయ్" అని కిటికీ వైపు తిరిగాను. గన్నవరం దాటాక, ఊరుకోలేక, పిల్ల ఎడమ కన్ను నా అరచేత్తో మూశాను. కొబ్బరితోటలు చూస్తూ ఊరుకుంది. కుడి కన్ను మూశాను. "చెయ్యి తియ్యి మామ్మా, ఏవీ కనపట్టం లేదు" అని విసురుగా తోసేసింది. అయిదేళ్లు చంకనేసుకుని తిరిగాను, ఇంత చిన్న పరీక్ష నాకెందుకు తోచలేదో! నా మీద నాకే ఒళ్లు మండింది.

అంబాజీపేటలో బస్సు కాసేపు ఆగితే పొట్టిక్కలు కొన్నాను. పనసాకు దొన్నెల్లో ఉడికిన ఇడ్లీలు, వేడివేడిగా ఉన్నాయి. సిరి రెండు తింది.

తొమ్మిదింటికల్లా అమలాపురం కంటి ఆసుపత్రిలో ఉన్నాం. పేరు రాయించుకుని, మొదటి పరీక్ష అయ్యాక కళ్లలో చుక్కలు వేశారు. మండుతున్నాయని పిల్ల గోల పెట్టింది. అవి పని చేయడానికి గంట పైనే పడుతుందన్నారు. పక్క కుర్చీలో కొత్తపేట నుంచి వచ్చినాయన, ఆయన కూతురు ఉన్నారు. ఆ పిల్ల కళ్లజోడు కింద కుడి కంటికి కట్టు ఉంది.

"పాపం, ఆ కన్ను బాగోలేదాండి?" అన్నాను.

"కాదండి, అదే బాగున్న కన్నండి. దాన్ని మూస్తేగానీ రెండోది పని చెయ్యదంటండి. మేం కూడా మీలాగే అనుకుని వారం రోజులు బాగోలేని కంటికే కట్టేవండి. డాక్టరమ్మగారు తల పట్టుకున్నారు." ఆయన నవ్వితే నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నేను నవ్వడం అదే మొదలు.

పన్నెండింటికి లోపలికి పిలిచారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక మాత్రం పెద్దది. నెలలు నిండే పుట్టిందా, ఇంట్లో ఎవరికైనా మెల్ల ఉందా అని అడిగారు. తమ్ముడి సంగతి చెప్పాను. అదృష్టం సంగతీ దాచలేదు.

"పాప కుడి కన్ను దాదాపు బాగానే ఉందండి. ఎడమ కంటికి ప్లస్ పవర్ ఎక్కువుంది. రెండింటికీ ఇంత తేడా ఉంటే మెదడు మసక బొమ్మని పక్కన పెట్టేసి, మంచి కంటితోనే నెట్టుకొచ్చేస్తుందండి. ఒక కన్ను బాగా కనపడుతుంది కాబట్టి పిల్లలు చెప్పరు, మనకీ తెలీదు. పైగా పాపకి మెల్ల ఉంది, ఇంట్లో మీ తమ్ముడుగారికీ ఉంది. ఎప్పుడో చూపించాల్సిందండి."

"ఆలస్యం చేసేశానామ్మా?" అన్నాను.

ఆవిడ సిరి కుడి కన్ను మూసి, ఎడమ కంటికి అద్దం పెట్టి చార్టు వైపు తిప్పారు. పిల్ల కాసేపు చూసింది. "గొడుగు," అంది. తర్వాత, "ఇల్లు." మూడో వరుసలో తడబడింది.

"అద్దం లేకుండా మొదటి బొమ్మ కూడా చెప్పలేదండి. అయిదేళ్లే కదా, దారిలోకొస్తుందండి. ముందు కళ్లజోడు, నిద్రపోయేటప్పుడు తప్ప తియ్యకూడదు. రెండు నెలలకి రండి, అవసరమైతే అప్పుడు కుడి కంటికి కట్టు వేద్దాం. మందకొడిగా సాగుతుందండి, మధ్యలో మానేస్తేనే చిక్కు."

అక్కడే ఏడ్చేశాను. సిగ్గు పడలేదు.

పెరుగన్నం తిని, కళ్లజోడు కోసం నాలుగింటి దాకా ఆగాం. చుక్కల వల్ల పిల్ల ఎండ చూడలేకపోయింది. టోపీ తీసుకెళితే మంచిది. ఎర్ర ఫ్రేము కావాలని పేచీ పెట్టి మరీ తీసుకుంది.

నాలుగున్నర బస్సులో కూర్చున్నాక ఇంటికి ఫోన్ చేశాను.

"ఏవన్నారండి అత్తయ్యగారూ?" అని దేవి అడిగింది.

"దారిలోకొస్తుందన్నారమ్మా. కిందటేడు నువ్వు చూపిద్దామంటే నేనే ఆపాను. తప్పు నాది."

దేవి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత మెల్లగా, "మరి ఈ కడుపులో ఉన్నదానికి కూడా చూపించాలాండి?" అంది.

"చూపించాలి. ఏడాది నిండకుండానే నేను తీసుకొస్తాను," అన్నాను. "నేను మళ్లీ అడ్డుపడితే, ఈసారి నువ్వు నా నోరు ముయ్యి."