మోదుగాకు మీద ఆర్కిడ్

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాళ్ల మీద నాకు జాలి కూడా లేదు, చులకన తప్ప. మా సిద్దిపేట వైపు యూట్యూబ్ నడిపే ఒకడు ఈమధ్య "గుట్ట మీద పూల మేడం" అని వీడియో పెట్టాడు. తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనక కుక్కల ఏడుపు. ఆమెను చూసి మ్యూజియం సారు కేకలు పెడుతూ గుట్ట దిగి పరుగెత్తాడట.

ఆ సారు నేనే. కేకలు పెట్టలేదు, పరుగెత్తలేదు. ఆమె తెల్లచీర కట్టగా నేను చూసిందీ లేదు. ప్యాంటు, తమ్ముడి పాత చొక్కా, రబ్బరు బూట్లు, అదీ ఆమె వేషం. ఆ చెత్తను సరిదిద్దడానికి ఇది రాస్తున్నాను. దానికి ముందు నా చెత్త చెప్పాలి.

ఆమె పేరు సుగుణ. మిరుదొడ్డి దగ్గర నేత కుటుంబం. నేను పనిచేసిన మ్యూజియంలోనే వృక్షశాస్త్రవేత్త. మన అడవుల్లో, గుట్టల్లో పెరిగే ఆర్కిడ్లే ఆమె ఉద్యోగమంతా. ఎండుమొక్కల విభాగానికి నేను అధికారిని. మొక్కను తవ్వి, నొక్కి ఆరబెట్టి, అట్టకు అతికించి, కింద చీటీ మీద ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాయాలి. అట్ట లేకపోతే మొక్క లేనట్టే.

ఒక వానాకాలం ఆమె తన ఊరి గుట్ట మీద, నేలలో పెరిగే తెల్ల ఆర్కిడ్ దొరికిందని అట్ట తెచ్చింది. నాదీ సిద్దిపేటే. ఆ రాళ్ల మీద మేకలు వదిలిపెట్టేది ఏదీ ఉండదని నా నమ్మకం. మరి మీ ఊరివాళ్లు దీన్ని బతుకమ్మలో పేర్చడం ఎలా మరిచారని సమావేశంలో అందరి ముందూ అడిగాను. అందరూ నవ్వారు.

నాకు సాకుగా దొరికింది గడ్డ. ఈ మొక్కకు మట్టిలో రెండు గడ్డలుంటాయి. ఒకటి ఈ ఏటి పువ్వుకు తిండి పెట్టి ముడుచుకుపోయే పాతది, ఇంకొకటి వచ్చే ఏటికి సిద్ధమయ్యే కొత్తది. ఆమె అట్ట మీద పాతదొక్కటే ఉంది. కొత్త గడ్డను విరిచి మళ్లీ మట్టిలోనే పెట్టి రావడం ఆమె అలవాటు. కొత్త గడ్డ లేదు కాబట్టి ఇది నువ్వు తవ్విందే కాదని, మూలికల దుకాణంలో కొన్న ఎండుమొక్కకు నీ ఊరి పేరు తగిలించావని అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "కొత్త గడ్డ గూడ పీక్కొస్తే వచ్చే యేడు గాడ ఏం మొలుస్తది సార్? మీ సంతకమా?" అంది.

ఆ సంతకంతోనే ఆమెను ముంచాను. నమూనా నమ్మదగినది కాదని రాశాను. జిల్లా మొక్కల జాబితా నుంచి అది పోయింది, ఆమె ప్రమోషనూ పోయింది. బడిపిల్లలు అద్దాలు ముట్టుకోకుండా చూసే పనిలో వేశారు. మళ్లీ తెస్తానని ప్రతి వానాకాలం సెలవు అడిగేది. నేను ఇవ్వనిచ్చేవాణ్ని కాదు. తర్వాత జబ్బు చేసి చనిపోయింది. పని ఉందని చెప్పి నేను చూడటానికి కూడా వెళ్లలేదు. నాకు ఏ పనీ లేదు.

మరుసటి వానాకాలం, నేను రిటైరై సిద్దిపేటలో ఉన్నప్పుడు, ఆమె తమ్ముడు నర్సింలు ఇంటికి వచ్చాడు. ఆటో నడుపుతాడు. "అక్క దొంగ కాదని ఒక్క మాట రాసియ్యిండ్రి సార్. బాపు మంచంల పడ్డడు. దినాం గదే అడుగుతుండు," అన్నాడు.

గుట్ట చూపించమన్నాను. కరిగిపోయి కాదు. అక్కడ ఏమీ లేదని చూపించి అతణ్ని వదిలించుకుందామని.

గుట్ట కింద ఆటో ఆపి, "ఎక్కొస్తదా సార్, ఏసీల కూసున్న కాళ్లకు?" అన్నాడు.

పట్టపగలు. వాన తెరిపి లేకుండా పడుతోంది. నర్సింలు కింద ఆటోకు పట్టా కప్పుకుంటూ నాకు కనిపిస్తూనే ఉన్నాడు. పైన బండ మీద ఒక మోదుగాకు, దాని మీద తెల్ల ఆర్కిడ్. అప్పుడే తవ్వినట్టు పూలు కొంచెం కూడా వాడలేదు. ఒక ఆకును వెనకవైపు కనిపించేలా తిరగేసి పెట్టారు. ఒక పువ్వును విప్పి పరిచారు. నొక్కే ముందు మా పనివాళ్లు అలా పెడతారు. మేకల కాపరి పెట్టడు. వేళ్లకు మట్టి ఉంది. ముడుచుకున్న పాత గడ్డ ఉంది. కొత్తది లేదు.

నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. బండ మీద నీళ్లు పారుతున్నాయి. ఆ మొక్క మీద ఒక్క చినుకు లేదు.

పక్కనే బండ పగులులో అరచేత్తో అదిమిన మట్టి. వేలితో తవ్వాను. కొత్త గడ్డ అక్కడే ఉంది, మొలక పైకి పెట్టి. మళ్లీ కప్పేశాను.

నాకు ఎవరూ కనిపించలేదు. ఎవరూ పిలవలేదు. మొక్కను మోదుగాకుతో సహా చేతుల్లోకి తీసుకున్నాను, అంతే.

దిగేటప్పుడు నర్సింలునే అనుమానించాను. నీచమైన ఆలోచన నాకు తొందరగానే వస్తుంది. అతడు ఆ మొక్కను రెండు చేతులతో అందుకుని చూశాడు. "గింతేనా సార్? గీ పువ్వు కోసమేనా మా అక్కను గట్ల జేసిన్రు?" అన్నాడు. నా అనుమానం అక్కడే చచ్చిపోయింది.

మొక్కను నొక్కి అట్టకు ఎక్కించాను. చీటీ దగ్గర ఆగిపోయాను. సేకరించినవారు అన్నచోట నా పేరు రాస్తే మొక్క జాబితాలోకి వస్తుంది. కానీ నాదిగా వస్తుంది. నేను ఆమె మీద వేసిన దొంగతనం అప్పుడు నిజంగా జరుగుతుంది, చేసేది నేనే. నేను గుట్ట ఎక్కిన రోజు తేదీ వేసి, సుగుణ పేరు రాశాను.

ఇప్పుడు నా కుర్చీలో ఉన్న అధికారి చీటీ చదివి, "చచ్చిపోయినామె ఎట్ల తవ్వింది సార్?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. వాళ్లకు నేర్పిందే నేను. అట్ట తిరిగి నా చేతికొచ్చింది.

"మీ పేరే రాసుకుంటే పని ఒడిసిపోతుండె గద," అన్నాడు నర్సింలు.

అతడు అడిగిన మాట ఇక్కడ రాస్తున్నాను. వాళ్ల నాయనకు చదివి వినిపించమన్నాను. సుగుణ దొంగ కాదు. ఆ మొక్కను ఆ గుట్ట మీదనే సేకరించింది. మొదటిసారి ఎలా సేకరించిందో ఆమె చెబుతుంటే నేను వినలేదు. రెండోసారి ఎలా సేకరించిందో నాకు చెప్పేవాళ్లు లేరు.