స్పీకర్ మెత్తబడుతుందని చెప్పాను

ఆ స్పీకర్ నా గిటారుకు కుదురుతుందని, మా బామ్మర్ది గిటారుకు కుదరదని నాకు ఉప్పల్‌లో షాపులో ఉండగానే తెలుసు. తెలిసీ చెప్పలేదు. తర్వాత కొన్నేళ్ళ పాటు కూడా చెప్పలేదు. ఈలోగా మా బ్యాండులోనూ, మా అత్తగారింట్లోనూ అతని చెయ్యి బాగోదనే మాట స్థిరపడిపోయింది. మొదట నేనే పుట్టించిన ఆ మాటను, చివరికి అతను కూడా నమ్మాడు. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టాలని ఇది రాస్తున్నాను.

మాది పెద్ద బ్యాండేమీ కాదు. నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీకి వెనకవైపు ఒక ఖాళీ రేకుల షెడ్డు ఉంది. ఆదివారం చుట్టుపక్కల మిషన్లు ఆగుతాయి కాబట్టి పొద్దున్నే అక్కడ ప్రాక్టీసు. ఫంక్షన్ హాళ్ళలో రిసెప్షన్లకు, అప్పుడప్పుడు ఫ్యాక్టరీల వార్షికోత్సవాలకు వాయిస్తాం. పాడేది మా అందరికంటే పెద్దాయన. ఆయన్ని అన్న అనే పిలుస్తాం, బ్యాండు ఆయనదే. పాట వెనక లయ పట్టే రిథమ్ గిటారు నాది. మా ఆవిడ తమ్ముడిది పాట మధ్యలో ముందుకొచ్చి రాగం పలికించే లీడ్. రైల్వేలో పని, మల్కాజిగిరిలో ఇల్లు. అతన్ని బ్యాండులోకి తీసుకొచ్చింది నేనే.

నేను క్లీన్ వాయిస్తాను, అంటే తీగ మీటితే ఏ గరుకూ లేకుండా గాజు గిన్నె మోగినట్టు వచ్చే సౌండు. అతను కాలి దగ్గర పెట్టుకున్న పెడల్ తొక్కి డిస్టార్షన్ వాయిస్తాడు. అది కావాలనే సౌండును చింపి, సాగదీసి, గొంతు బొంగురుపోయేదాకా పాడిన మనిషిలా చేస్తుంది. రెండు గిటార్లనూ సౌండు పెంచే ఒకే ఆంప్‌కు తగిలించేవాళ్ళం. దాని కింద ప్లైవుడ్ డబ్బా, డబ్బాలో ఒకటే స్పీకరు. కాబట్టి ఆ ఒక్కటీ ఇద్దరికీ పనికిరావాలి.

అది అంత తేలిక కాదు. క్లీన్ మెరవాలంటే స్పీకరు పైస్థాయి సన్నటి సౌండును దాచకుండా వినిపించాలి. డిస్టార్షన్‌లో ఆ సన్నటి సౌండు ముందే బోలెడు ఉంటుంది. దాన్నీ దాచకుండా వినిపిస్తే చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. దాన్ని అణిచే స్పీకరు పెడితే డిస్టార్షన్ నిండుగా వస్తుంది గానీ క్లీన్ దుప్పటి కింద వాయించినట్టుంటుంది. ఈ రెండిటికీ మధ్య ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి. ఎవరో ఒకరు కొంచెం వదులుకోవాలి.

పాత స్పీకరు చినిగిపోతే కొత్తదాని కోసం ఇద్దరం ఉప్పల్ వెళ్ళాం. షాపులో రెండు మా చెవికి ఆనాయి. మొదటిదాంట్లో నేను మీటిన తీగలు ఎంత బాగా మోగాయంటే, నా గిటారు అంత మంచిదని నాకే తెలియదు. రెండోదాంట్లో ఆ మెరుపు కొంచెం తగ్గింది, అంతే. కానీ బామ్మర్ది పెడల్ తొక్కితే రెండోదాంట్లో సౌండు ఛాతీకి తగిలింది. మొదటిదాంట్లో అతను వాయించి, ఆగి, నా వైపు చూశాడు.

"బావా, ఇది జర గీరుతున్నట్టు లేదా?"

"కొత్తది గద, బిర్రుగుంటది. నెల రోజులు వాయిస్తే మెత్తగైతది."

"పక్కానా?"

"నా మీద నమ్మకం లేదారా?"

"నీ చెవి మీద లేకుంటే ఇంకెవల చెవి మీద ఉంటది బావా," అని నవ్వి, కొన్న ఆ మొదటి స్పీకరు ఎత్తుకుని బైకు దగ్గరికి నడిచాడు.

కొత్త స్పీకర్లు వాయించగా వాయించగా కొంత మెత్తబడటం నిజమే. వాయించే వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ అబద్ధం నిజంలాగే వినిపించింది. కొంత పదును తగ్గుతుంది గానీ స్పీకరు స్వభావం మారదు. అదీ నాకు తెలుసు.

నాచారంలో ఒక రిసెప్షన్‌లో దాని అసలు రూపం బయటపడింది. షాపులో చిన్న సౌండుతో విన్నదానికీ, హాల్లో ఆంప్ పెంచి వాయించినదానికీ పోలికే లేదు. అతనొక్కడే వాయించే సోలో మొదలవగానే ముందు వరసలో ఒక పెద్దావిడ కొంగుతో చెవి మూసుకుంది. పాట అయ్యాక అన్న మైకు పక్కకు పెట్టి వెనక్కి తిరిగాడు.

"తమ్మీ, అది గిటారా, రేకులు కోసే మిషనా? పెండ్లికొడుకు పారిపోతడేమో సూడు."

డ్రమ్స్ అతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. బామ్మర్ది కూడా నవ్వుతూనే వంగి పెడల్ మీద గుండీలు తిప్పాడు.

ఆ తర్వాత అతను చేయని ప్రయత్నం లేదు. వైర్లు మార్చాడు, తీగలు మార్చాడు, పెడల్ మార్చాడు. నెల దాటాక ఒక ఆదివారం నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, ఇంకా మెత్తగ కాలేదేంది?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ పొద్దున్నే అన్న నా రిథమ్‌ను మెచ్చుకున్నాడు. బ్యాండులో చేరాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. స్పీకరు మారిస్తే ఆ మెరుపు పోతుందని భయపడ్డాను.

"నువ్వు గట్టిగ కొడుతున్నవ్‌రా. చెయ్యి తేలిక చెయ్," అన్నాను.

షాపులో చెప్పిన మాటకన్నా ఈ మాట నీచమైనది. అక్కడ వస్తువు గురించి అబద్ధమాడాను. ఇక్కడ మనిషి చేతిని తప్పుపట్టాను. అతను నా మాట విన్నాడు. కొన్ని వారాలు కూర్చుని చెయ్యి తేలిక చేసుకున్నాడు. గీరడం తగ్గలేదు, అతని వాయింపులో ఉన్న బలం మాత్రం పోయింది. అన్న మొదట సోలోలు తగ్గించాడు, తర్వాత ఫంక్షన్లకు పిలవడం మానేశాడు. బామ్మర్ది తన గిటారు దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టాడని మా ఆవిడ చెప్పింది.

"తమ్ముడు ఎందుకు వాయిస్తలేడు? మీరేమన్న అన్నరా?" అని అడిగింది.

"నేనేమంట? డ్యూటీలు గద," అన్నాను.

బోనాలకు అత్తగారింట్లో కలిసినప్పుడు ఎవరైనా పాట ఊసెత్తితే అతనే ముందుగా, "నా చెయ్యి మంచిగ లేదులే, బావను వాయించుమను," అనేవాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని అనుకునేవాణ్ణి.

కొన్నేళ్ళు లీడ్ లేకుండానే గడిపాక, ఈ ఏడాది కాప్రా నుంచి ఒకతను లీడ్ వాయించడానికి వచ్చాడు. అనుభవం ఉన్న మనిషి. పెడల్ తొక్కగానే షెడ్డు రేకులు అదిరేలా అదే గీర. అన్న చెవిలో వేలు పెట్టుకుని, "ఏందిరా బయ్, లీడ్ గిటారోళ్ళందరి చెయ్యి గింతేనా? మనకు లీడే అచ్చిరాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

"చెయ్యి కాదన్నా, స్పీకరు. మారుద్దాం," అన్నాను. బామ్మర్ది పేరు మాత్రం ఎత్తలేకపోయాను.

ఈసారి సరిగ్గా ఎంచాను. రెండు స్పీకర్లు పట్టే డబ్బా చేయించాం. ఒకటి మెరుపుది, ఒకటి మెత్తటిది, పక్కపక్కన. ఒకటి దాచేది ఇంకోటి పలుకుతుంది, ఒకటి గీరేది ఇంకోటి కప్పుతుంది. కొనేముందు నేను వాయించి వినలేదు. కాప్రా అతన్ని పెడల్ తొక్కి గట్టిగా వాయించమని, హాల్లో జనం కూర్చునేంత దూరంలో స్టూలు వేసుకుని విన్నాను. మొదటిసారి చేయాల్సిన పని అదే. షెడ్డులో వాయించి చూశాక అన్న నా భుజం తట్టి, "నీ చెవి మస్తు చెవిరా," అన్నాడు. ఆ మాట మింగుడుపడలేదు.

మరుసటి ఆదివారం బామ్మర్దిని ప్రాక్టీసుకు రమ్మన్నాను. చూసిపోతానని వట్టి చేతులతో వచ్చాడు. నా గిటారు అతని మెడలో వేసి, పెడల్ ముందుకు జరిపాను. వాయించాడు. సౌండు నిండుగా వచ్చింది, ఎక్కడా గీరలేదు. కానీ చెయ్యి తీగల మీద భయంభయంగా తాకుతోంది.

"గట్టిగ కొట్టరా," అన్నాను.

"నువ్వే గద బావా తేలిక చెయ్యమన్నవ్."

అన్న అక్కడే చాయ్ తాగుతున్నాడు. డ్రమ్స్ అతను ఉన్నాడు, కాప్రా అతను ఉన్నాడు. బామ్మర్దిని చూసి ఎవరితో కలిసి నవ్వానో వాళ్ళ ముందే చెప్పాలనిపించింది.

"అన్నా, జర ఇటు విను. అప్పుడు వీని చెయ్యి మంచిగనే ఉండె. స్పీకరే గీరింది."

"ఇప్పుడది ఎందుకు బావా," అని బామ్మర్ది గిటారు తీయబోయాడు. తీయనివ్వలేదు.

"షాపులనే నాకు తెలుసురా. నీకు కుదిరేది పక్కనే ఉండె. నా గిటారు మెరవాలని ఇది పట్టుకొచ్చిన. మెత్తగైతదని నీకు అబద్ధం చెప్పిన. నీ చెయ్యి తేలిక చెయ్యమన్నది కూడా అబద్ధమే. అందరు నిన్ను నవ్వుతుంటే నేను గూడ నవ్విన. నీ తప్పు ఏం లేకుండె. తప్పు నాది. మాఫ్ చెయ్‌రా."