అభ్యంతరం ఉన్నవారు లేచి చెప్పవచ్చు

మా పాస్టరుగారు నా సర్వీసు ఆటో ఎక్కితే వెనక కూర్చోరు. నా పక్కనే సగం సీటులో సర్దుకుంటారు. ఆ రోజు అమలాపురంలో ఎక్కి, అల్లవరం వచ్చేదాకా వానల గురించే మాట్లాడారు. వెనక జనమంతా దిగిపోయాక గొంతు సవరించుకున్నారు.

"సంఘ పెద్దగా మీ పేరు చదువుదామనుకుంటున్నానండి."

"ఎవరి పేరు చదవబోయి నా పేరు చదువుతున్నారో ఒకసారి చూసుకోండి అయ్యగారూ."

ఆయన నవ్వలేదు. "మన పెద్దలు ఎవరింటికైనా ఎల్తే ఇంట్లోవాళ్లు సీసా మంచం కిందకి తోసేస్తారండి. మీరెల్తే తొయ్యరు. అలాంటోడొకడు కావాలి."

"తొయ్యకపోవడమేంటండి, నాకో గ్లాసు కూడా పోస్తారు."

"అది మానేద్దురూ మరి."

"ఆయ్" అన్నాను.

మా వైపు ఆ మాట మనిషి అనడు, నోరు అనేస్తుంది. అప్పు అడిగినా ఆయ్, దారి అడిగినా ఆయ్. పాస్టరుగారు కూడా ఇక్కడివారే, ఆ సంగతి తెలియనివారేం కాదు. అయినా ఆయన దాన్ని భద్రంగా జేబులో వేసుకుని దిగిపోయారు. ఆ తరవాతి ఆదివారం ఆరాధన చివర్లో నా పేరు చదివేశారు.

మా సంఘంలో పెద్ద అంటే కానుక పళ్లెం పట్టుకుని నిలబడడం ఒక్కటే కాదు. జబ్బుపడినవాళ్ల దగ్గరికి వెళ్లాలి, మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకుంటే మధ్యలో కూర్చోవాలి, పోయేవాళ్ల పక్కన కూర్చోవాలి. అందుకే ఎవరికీ ఊరికే ఇవ్వరు. వరుసగా మూడు ఆదివారాలు పేరు చదువుతారు. చదివిన ప్రతిసారీ పాస్టరుగారు, "అభ్యంతరం ఉన్నవారు లేచి చెప్పవచ్చు" అంటారు. ఎవరైనా లేస్తే అక్కడ వాదనలు ఉండవు. లేచినవాళ్లూ, పేరు చదివించుకున్నవాడూ ఒక ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. లేచినవాళ్లే మళ్లీ వచ్చి, ఇక అభ్యంతరం లేదని చెబితేనే తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. చెప్పకపోతే అంతే సంగతులు. నాకు తెలిసి ఇది ఒక్కసారే జరిగింది. ఒకాయన గేదె తన నారుమడి మేసేసిందని ఒకావిడ లేచింది. ఆ రెండిళ్లవాళ్లూ కూర్చుని తేల్చుకునేసరికి వియ్యంకులయ్యారు.

నా మొదటి ఆదివారం ఎవరూ లేవలేదు. రెండోది కూడా అలాగే గడిచింది. నా కాళ్లు ఒకచోట నిలవడం మానేశాయి. ఓడలరేవు వెళ్లాల్సిన ముసలమ్మను అల్లవరంలో దింపేసి అమలాపురం తిరిగొచ్చేశాను. ఆవిడ వేరే ఆటోలో వెంటపడి వచ్చి మరీ తిట్టింది. తిట్లు తింటుంటే ఈవిడైనా చర్చికొచ్చి లేస్తే బాగుండునని అనిపించింది. స్టాండులో కుదురుగా కూర్చోలేను, ఇంట్లో అన్నం ముందు కూర్చోలేను.

"ఏవండీ, ఆ గుమ్మం అరిగిపోద్ది. లోపలికన్నా రండి, బయటికన్నా ఎల్లండి" అంది మా ఆవిడ.

"నేను పెద్దనేంటే?"

"పెళ్లయి ఇన్నేళ్లయ్యింది, ఇంకెప్పుడు పెద్దవుతారు?"

కట్టుకున్నందుకు నా విద్యే నేర్చుకుంది.

సువార్త తీసి చదవడం మొదలుపెట్టాను. భక్తితో కాదు, దారి వెతుక్కోవడానికి. పిలిస్తే రానన్నవాడు ఒక్కడైనా ఉంటాడు, వాడేం సాకు చెప్పాడో చూసి నేనూ అదే చెబుదామని. దొరికారు కూడా. మా నాన్నను పాతిపెట్టి వస్తానన్నాడొకడు, ఇంట్లో చెప్పి వస్తానన్నాడొకడు. వాళ్లు తరవాత ఏమయ్యారో ఎవరూ రాయలేదు. అది నాకు నచ్చలేదు.

ఇక వెళ్లిన పన్నెండుమందినీ ఒక్కొక్కరిగా ఆటో ఎక్కించి చూశాను. ఒకడు ముందు మాట్లాడి తరవాత ఆలోచించే జాలరి. నీకోసం చస్తానని పెద్ద గొంతుతో చెప్పి, చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే ఆయనెవరో తెలీదన్నాడు. ఇద్దరన్నదమ్ములు మంచి సీట్ల కోసం అమ్మచేత సిఫార్సు చేయించారు. ఒకడు సుంకం గేటు దగ్గర కూర్చుని సొంతవాళ్లనే పిండుకున్నవాడు. ఒకడు వేలు పెట్టి చూస్తేగాని నమ్మడు. ప్రార్థన చేద్దాం రండని ప్రభువు పక్కన పెట్టుకున్నవాళ్లు నిద్రపోయారు. పట్టుకోవడానికి మనుషులొస్తే అందరూ తలో దిక్కుకీ పరుగు. ఇలాంటివాళ్లను మా ఆటో స్టాండులో కూడా చేర్చుకోం.

చదివి ధైర్యం తెచ్చుకోవాలి కదా, నాకు ఇంకా భయం పట్టుకుంది. నా దగ్గరున్న సాకులన్నీ వాళ్లు ముందే వాడేశారు. ఒక్కటీ పనిచేయలేదు.

ఓడలరేవులో నాకొక స్నేహితుడున్నాడు. సముద్రం మీదికి వెళ్లేవాడు, మా మతం కాదు. వాడు గట్టుమీద వల బాగుచేసుకుంటుంటే వెళ్లి పక్కన కూలబడి, ఆ జాలర్ల కథంతా చెప్పాను. పిలవగానే వలలు వదిలేసి వెళ్లిపోయారని చెప్పేసరికి వాడి చేయి ఆగింది.

"ఒదిలేసి అంటే? ఎక్కడొదిలేసేరు బావా?"

"అక్కడే, పడవలో. వాళ్ల నాన్న ఉన్నాడు."

"నాన్నకి చెప్పేరా?"

"చెప్పినట్టు లేదు."

వాడు దారం పళ్లతో తెంపాడు. "ఎల్లినోళ్ల సంగతి సరే బావా. ఆ ముసలాయన ఏమన్నాడో రాయలేదా?"

"లేదురా."

"మరి ఎవరన్నా అడిగి తెలుసుకోవాలి కదా" అని మళ్లీ పనిలో పడ్డాడు.

తిరుగు దారిలో నాకు దివ్యమైన ఆలోచన వచ్చింది. నామీద అభ్యంతరం సిద్ధంగా పెట్టుకున్న మనిషి సొంత చుట్టాల్లోనే ఉండగా ఊరంతా వెతుకుతున్నానేంటి?

ఆయన మా మావగారు. నేను తొమ్మిదో తరగతిలో మానేసిన బడికి అప్పట్లో ఆయనే హెడ్మాస్టారు. హాజరుపట్టీలో నా పేరు కొట్టేసిన చేతితోనే తరవాత కూతురి శుభలేఖలో రాయాల్సి వచ్చింది. ఆ బాధ ఆయన ఎన్నడూ పైకి అనలేదు. నన్ను మీరు అంటారు, అల్లుడుగారూ అంటారు. ఆ మర్యాద తగిలినంతగా తిట్టు తగలదు. ఆదివారం వాక్యపాఠం చదివేది ఆయనే. ఆ గొంతు వింటే పిల్లలు సైతం ఏడుపు ఆపుతారు.

వెళ్లేసరికి అరుగుమీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. రమ్మన్నారు, కూర్చోమన్నారు. నేను కూర్చోలేక నిలబడే చెప్పాను.

"మావయ్యగారూ, వచ్చే ఆదివారం మీరు లేవాలండి."

"ఎందుకండీ?"

"అభ్యంతరం చెప్పడానికి. అల్లుడు చదువుకోలేదు, నోటికి బ్రేకుల్లేవు, నిన్నమొన్నటిదాకా తాగేవాడు. మీకెలాగూ తెలిసినవే."

ఆయన నావైపు చూశారు. నావైపే అనుకున్నాను గానీ, చూపు నా చెవి పక్క నుంచి పోయింది. "ఆలోచించే అడుగుతున్నారా అల్లుడుగారూ?"

"ఆయ్."

"సరేనండి. లేస్తాను."

అంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు. బయటపడ్డాక హాయిగా ఉండాలి. లేదు. ఆటో స్టార్టు చేసి, ఎక్కడికి వెళ్లాలో తెలియక ఆపేసి, మళ్లీ స్టార్టు చేశాను. కొంచెమైనా బతిమాలించుకోవచ్చు కదా, ఎలాంటి మనిషి అని ఒళ్లు మండింది. నాకా పని వద్దు. ఇంకెవరైనా దానికి నువ్వు వద్దంటే మాత్రం సహించలేను. ఈ ముక్క అర్థమయ్యాక మరీ గాభరా పుట్టింది.

మూడో ఆదివారం మావగారు ఎప్పటిలాగే పాఠం చదివారు. ఎప్పటిలాగే ఒక్క తప్పు లేదు. చివర్లో పాస్టరుగారు నా పేరు చదివి, అభ్యంతరం మాట అన్నారు. మావగారు లేచారు. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ "నాన్నా" అనడం నాకు వినబడింది.

నేను వినయంగా తల వంచుకునే మొహం ఒకటి ముందే తయారుచేసి పెట్టుకున్నాను. అది తొడుక్కున్నాను.

"చదువు లేదని కాదండి నేను లేచింది" అన్నారాయన. "పన్నెండుమందిలో మాత్రం ఎంతమందికుంది? తాగుడూ కాదు, మానేసేరని విన్నాను. మా అల్లుడుగారు ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వరండి. సగంలో నవ్వించేస్తారు. మొన్న వానల్లో నాకు జ్వరమొస్తే చూడ్డానికొచ్చేరు. నేనొక మాట చెబుదామని మొదలెట్టేను. నవ్వించి ఎల్లిపోయేరు. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది. రేపు మంచాన పడ్డోళ్లు ఏదో చెప్పుకోబోతే వాళ్లకీ అంతే చేస్తే ఎలాగండీ?"

నేను చెప్పమన్నది ఇది కాదు. చర్చి మొత్తం నావైపు తిరిగింది. అలవాటు కొద్దీ కొందరి పెదాలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి, నేనేదో అంటానని. అనడానికి నా దగ్గర ఉంది కూడా. నోరు తెరిచి మూసేశాను. ఆ జ్వరం రోజు నాకు గుర్తుంది. నేనేం జోకు వేశానో గుర్తుంది. ఆయన మొదలుపెట్టిన మాటేంటో ఎంత తడుముకున్నా దొరకలేదు.

"ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. వచ్చే వారం చూద్దాం" అన్నారు పాస్టరుగారు.

మధ్యాహ్నం మావగారింటికి వెళ్లాను. మా ఆవిడ వస్తానంది, వద్దన్నాను. ఆయన కుర్చీలో ఉన్నారు. నేను ఎదురుగా బల్లమీద కూర్చుని, లేవకుండా ఉండడానికి రెండు చేతులతో దాని అంచు పట్టుకున్నాను.

"ఆ రోజు ఏం చెప్పబోయేరు మావయ్యగారూ?"

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. ఆ ఖాళీలో నాకు మూడు జోకులు వచ్చాయి. ఒకటి నిజంగా మంచిది. మింగేశాను.

"నాకు అక్షరాలు కనబట్టంలేదండి."

నేను బల్ల అంచు వదల్లేదు.

"అమలాపురంలో డాక్టరు గారికి చూపించుకున్నాను. శుక్లం కాదంట, తీసేస్తే పోడానికి. లోపల నరం చచ్చిపోతందంట. ఉన్నది కాపాడుకోడమే తప్ప పోయింది రాదన్నారు. అమ్మాయికి చెప్పలేదు."

"మరి పాఠం..." అని, నోరు మూసుకున్నాను.

"పాస్టరు గారు ముందే చెప్తారు కదండీ ఫలానాదని. సెల్లులో పెట్టుకుని వింటాను, కంఠతా వచ్చేదాకా. ఆదివారం పుస్తకం తెరిచి, అప్పజెప్పేస్తాను. పేజీ కూడా తిప్పుతాను." ఆయన చేయి గాలిలో పేజీ తిప్పింది. "ఎంతమంది పిల్లల్ని కొట్టేనండీ, చదవకుండా చదివినట్టు నటిస్తున్నారని."

నేను బల్ల అంచు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆయనకు ధైర్యం చెప్పాలని ఉంది, నవ్వించాలని ఉంది, లేచి ఆటో తీసుకుని ఏ సముద్రం ఒడ్డుకో పోవాలని ఉంది. ఏదీ చేయకుండా కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. గాలికి కొబ్బరాకులు గీసుకుంటున్నాయి. ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు, అలవాటుగా. పెట్టుకోకుండా ఒళ్లోనే ఉంచుకున్నారు.

"ఇంకా ఉందాండి?" అన్నాను.

"ఉందండి. భయంగా ఉంది."

"ఆయ్" అన్నాను. ఈసారి అది నోరు అనలేదు.

చీకటిపడేవేళకు మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. మేమిద్దరం మాట్లాడకుండా కూర్చుని ఉండడం చూసి, ఇంట్లో ఏదో జరిగిందని హడలిపోయింది. మావగారే పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, కళ్ల సంగతి చెప్పారు. ఆవిడ ఏడ్చింది. నేను అప్పుడూ నవ్వించలేదు.

ఆవిడ లోపలికి వెళ్లాక అడిగాను. "మరి అభ్యంతరం మాటేంటండి?"

"ఒక్కరోజు ఇన్నంత మాత్రాన తీసేస్తారా అల్లుడుగారూ?" అన్నారాయన. తరవాత పక్కనున్న మేజామీద తడిమి, పరిశుద్ధ గ్రంథం నావైపు జరిపారు. "వచ్చే ఆదివారం పాఠం మీరు చదవండి. నాకిప్పుడు చదివి వినిపించండి."

"నేనా? చర్చిలోనా? తొమ్మిదిలో మానేసినోణ్ణండి."

"తెలుసు. పేరు కొట్టేసింది నేనే కదా. చదవండి."

జాలర్లను ఒడ్డున పిలిచిన పాఠమే అది. నేను ఎప్పటిలాగే ఒక్క ఊపులో మొదలుపెట్టి, పడవా వలలూ ముసలి తండ్రీ అన్నీ దాటించేశాను. ఆయన చేయెత్తారు.

"ఎందుకండీ అంత తొందర? ఆ తండ్రి దగ్గర ఆగండి."

ఆగాను.