అంతే, ఇంకేం అనలేదు

మా అమ్మ దగ్గర ఒక నవల ఉండేది. దాని పేరేమిటో మాకెవరికీ తెలియదు. వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు అమ్మ వారం వారం ఆ కాగితాలు చింపి బియ్యం డబ్బా కింద దాచేది. అన్నీ పోగయ్యాక చిలకలూరిపేట తీసుకెళ్ళి బైండు చేయించింది. బైండు చేసినాయన అంచులు సమంగా రావాలని పైన కాస్త ఎక్కువ కోశాడు. ఆ కోతలో నవల పేరూ పోయింది, రాసినవాళ్ళ పేరూ పోయింది. ఆఖరి వారం పత్రిక మా ఊరికి రానేలేదు. తలా తోకా లేని ఆ పుస్తకమే మా ఇంట్లో అన్నిటికంటే గొప్ప నవల. మిరపకాయల తొడిమలు తీసే రోజుల్లో, కూలికొచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని అమ్మ దాన్ని పైకి చదివేది. ఏటా అదే కథ, ఏటా కొత్తగా ఏడ్చేవాళ్ళు.

అందులో ఒక పెద్దకోడలు ఉంది. ఇల్లంతా నెత్తినేసుకుని, ఎవరినీ ఒక్క మాట అనకుండా కరిగిపోయే మనిషి. నేను పదో తరగతి తప్పి ఇంటిపట్టున ఉండిపోయాక, వంటా వార్పూ నా మీద పడ్డాక, "అచ్చం ఆ పెద్దకోడలే" అని అందరూ అనడం మొదలెట్టారు. నేను కాదనలేదు. ఊరికే వచ్చిన పొగడ్తను వద్దనడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా. యాభై దాటేదాకా నేను ఆవిడనేనని నమ్ముతూ బతికాను.

నిరుడు మిర్చి కల్లంలో ఉండగా వినుకొండ నుంచి మా చెల్లెలూ, దాని కూతురూ వచ్చారు. ఏటా వస్తారు. ఏడాదికి సరిపడా కారానికి కాయలు మా చేలోవే తీసుకెళతారు. అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె చెల్లెలి ఇంటికి చేరింది, ఆ పుస్తకమూ దాంతోనే వెళ్ళింది. డిగ్రీ చదివే పిల్ల దాన్ని బస్సులో చదువుకుంటూ తెచ్చింది. ఫోనులో వాళ్ళకొక ఆట ఉందట. పది ప్రశ్నలకు జవాబులు చెబితే నువ్వు ఫలానా నవలలో ఫలానా మనిషివని తేలుస్తుందట. "ఫోనెందుకు, అమ్మమ్మ పుస్తకం ఉందిగా" అని మా మీద పడింది.

కల్లం పక్కన పట్టా కట్టుకుని ఆ నీడలో తాలుకాయలు ఏరుతున్నాం. రంగు పోయి తెల్లబడిన కాయల్ని తాలు అంటాం. మంచి కాయల్లో కలిస్తే వాటి పరువూ తీస్తాయి. మా ఆయన్ని ఆ నవలలో నస పెట్టే మామగారని పిల్ల తేల్చింది. "నేను నస పెట్టబట్టే ఈ ఇంట్లో పని జరుగుతోందమ్మాయ్" అని ఆయన ఒప్పేసుకున్నాడు.

"మీ పెద్దమ్మ సంగతి అడగనక్కర్లేదు. పెద్దకోడలే," అన్నాడు.

పిల్ల పేజీలు తిప్పుతూ తల అడ్డంగా ఊపింది. "కాదు పెదనాన్నా. పెద్దమ్మ ఈవిడ."

"ఏవిడ?"

"కబుర్లు మోసే ఆవిడ. ఏ కబురు చెప్పినా చివర్లో 'అంతే, ఇంకేం అనలేదు' అంటుంది చూడండి. పెద్దమ్మ పొద్దున్నించి మూడుసార్లంది. నేను లెక్కపెట్టా."

మా ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. చెల్లెలు నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. ఒక తాలుకాయ తీసి పక్కనేసింది, ఇంకొకటి తీసి పక్కనేసింది.

అన్నాలయ్యాక అందరూ ఎండకు భయపడి నడుం వాల్చారు. నేను పుస్తకం తీసుకుని లోపలి గదిలో కూర్చున్నాను. కోపంగానే కూర్చున్నాను. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నన్ను తేల్చడమేమిటి. ఊళ్ళో ఒక్క చప్పుడు లేదు. కల్లంలో మిర్చి మీద పడ్డ ఎండ కిటికీలోంచి గది గోడ మీదికి ఎర్రగా కొడుతోంది.

ఆ కబుర్లావిడ నాకు సరిగా గుర్తు కూడా లేదు. ఆ ఇంటికి దూరపు చుట్టం. ఎవరి తరపు చుట్టమో ఇంట్లోవాళ్ళకే తెలియదు. అబద్ధం ఆడదు. ఈ గదిలో మాట ఆ గదిలో చెబుతుంది. చెప్పేది నిజమే, కాకపోతే సగం. "నాన్నగారు రమ్మన్నారు" అంటుంది. 'ఒంట్లో బాగాలేదు, వెంటనే' అన్న ముక్క తన దగ్గరే ఉంచేసుకుంటుంది. ఆ పైన "అంతే, ఇంకేం అనలేదు" అంటుంది. కొడుకు తీరిగ్గా వెళ్ళేసరికి తండ్రి ప్రాణం పోయి ఉంటుంది. ఆవిడను ఎవరూ అనుమానించరు, చెప్పినదాంట్లో తప్పు లేదు కాబట్టి. ఎందుకలా చేస్తుందో నవలలో ఎక్కడా రాయలేదు. ఆఖరి భాగంలో రాశారేమో, అది మా దగ్గర లేదు.

సీరియల్ కదా, వారానికొక బొమ్మ ఉంది. ఆవిడ ఉన్న ప్రతి బొమ్మలోనూ గుమ్మం పక్కన సగమే కనబడుతుంది. ఒక చెయ్యి, చీర అంచు, ఒక కన్ను. ఆ కన్ను చూస్తూ చూస్తూ తలెత్తితే ఎదుటి గోడ మీద మా చెల్లెలి పెళ్ళి ఫోటో ఉంది. అందరూ వరసగా నిలబడ్డారు. నేను తలుపు పక్కన సగం ఉన్నాను. ఆ ఫోటో దుమ్ము నెలనెలా తుడిచేది నేనే. ఒక్కసారీ గమనించలేదు.

పేజీల అంచుల మీద ఎర్రటి మరకలున్నాయి. మిరపకాయలు పట్టిన చేత్తో తిప్పితే పడే వేలిముద్రలు. పుస్తకమంతా అలాగే ఉందనుకున్నాను. మొదటినుంచీ తిప్పి చూశాను. లేదు. కబుర్లావిడ వచ్చిన పేజీల్లోనే ఉన్నాయి, అదీ "అంతే" అన్న మాట పక్కనే. ప్రతి ముద్రలోనూ అడ్డంగా సన్నటి గీత ఉంది. అది అమ్మ బొటనవేలు. కత్తిపీట మీద తెగి ఆ మచ్చ పడింది. అప్పుడు గుర్తొచ్చింది. పైకి చదువుతూ చదువుతూ అమ్మ ఒక్కోచోట ఆగి నా వైపు చూసేది. వింటున్నానో లేదో చూస్తోందనుకునేదాన్ని.

ఆ ముద్ర మీద నా బొటనవేలు పెట్టాను. కాసేపటికి ఆ చేత్తోనే కన్ను నలుపుకుంటే భగ్గున మండింది. అన్నేళ్ళ నాటి కారం మండుతుందా? పొద్దున తాలు ఏరిన చెయ్యే అయ్యుంటుంది. సబ్బుతో కడుక్కునే కూర్చున్నాను మరి.

ఇక దాచి లాభం లేదు, నేను చేసిన పని చెబుతాను. అప్పట్లో ఊళ్ళో మూడిళ్ళలోనే ఫోను. మా నంబరంటే పక్కింటివాళ్ళ నంబరే. చెల్లెలికి టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చేలా ఉంది. ఒంగోలులో కౌన్సెలింగ్. ఆ రోజు అది సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకోవడానికి పేటకు వెళ్ళింది. ఒంగోలు నుంచి దాని స్నేహితురాలు ఫోను చేస్తే నేను వెళ్ళి మాట్లాడాను. "రేపు పదింటికల్లా రమ్మను. జిరాక్సులు చాలవంట, ఒరిజినల్స్ ఉండాల్సిందేనంట," అంది. సాయంత్రం చెల్లెలు వచ్చాక చెప్పాను. "రేపు పదింటికల్లా రమ్మన్నారు. అంతే, ఇంకేం అనలేదు."

తెల్లారి అమ్మ, బస్సులో ఎక్కడన్నా పోతాయని ఒరిజినల్స్ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. జిరాక్సులు కవర్లో పెట్టి దాని చేతికిచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. నోరు తెరిస్తే సరిపోయేది. చెల్లెలు ఇంటికొచ్చి, అవి తీసుకుని మళ్ళీ వెళ్ళేసరికి సీటు తర్వాతి నంబరు అమ్మాయికి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు పెళ్ళి చేసేశారు. వినుకొండలో విత్తనాల కొట్టు వాళ్ళది. ఆ కొట్టు వెనక వసారాలో నల్లబల్ల పెట్టుకుని ఇప్పటికీ పిల్లలకు పాఠాలు చెబుతుంది.

మర్చిపోయానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. కుళ్ళు. అది టీచరయి వెళ్ళిపోతే, తప్పినదాన్ని నేనొక్కదాన్నే ఆ వంటింట్లో మిగిలిపోతానన్న కుళ్ళు.

నాలుగింటికి మా ఆయన లేచి అడిగాడు. "నా ఫోను మోగినట్టుందే, ఎవరు?"

"మిర్చి యార్డు నుంచి. ఎల్లుండి లారీ పంపిస్తారంట. అంతే, ఇంకేం అనలేదు."

ఆయన చెప్పులేసుకుని గేటు దాటాక నాకు తట్టింది. ఆ మనిషి ఇంకో మాట అన్నాడు. గోతాలు మనమే సిద్ధం చేసుకోవాలన్నాడు. ఈ మాట దాచడానికి నాకు కారణమేమీ లేదు. దాచాలనీ అనుకోలేదు. నా నోటితో ఇంకెవరో మాట్లాడి వెళ్ళినట్టుంది. వీధిలోకి పరుగెత్తి ఆయన్ని ఆపి మిగతా సగం చెప్పాను. "దానికింత పరుగెందుకే," అన్నాడు.

అమ్మ ఆ ముద్రలు ఎప్పుడు వేసిందన్నది నన్ను తినేసింది. పుస్తకం బైండు చేయించేనాటికి నాకు పదేళ్ళు. చూపు పోయేదాకా ఏటా చదువుతూనే ఉంది. ఒంగోలు సంగతి తర్వాత వేసిందంటే, నేను చేసింది తెలిసీ నోరు మూసుకుంది. ముందే వేసిందంటే మాత్రం, పదేళ్ళ పిల్లలో ఆ మనిషిని చూసింది. ఏది నిజమైనా నాకు భయమే. చెల్లెలికి చెప్పేయాలి, లేకపోతే నేనూ ఆ గుమ్మం పక్కనే ఉండిపోతాను అనిపించింది.

మర్నాడు బస్సుకు ముందు, చెల్లెలూ నేనూ కారం కాయల గోతం మూతి కుడుతున్నాం. పిల్ల లోపల జడ వేసుకుంటోంది.

"ఏమే," అన్నాను. "ఆ ఒంగోలు ఫోనులో..."

"తెలుసక్కా."

దబ్బనం నా చేతిలో ఆగిపోయింది. "ఏం తెలుసు?"

"ఒరిజినల్స్ తెమ్మన్నారని. పక్కింటామె విన్నదంట. ఫోనులో నువ్వు 'ఒరిజినల్సా, సరే' అన్నావంట. ఆ వారమే అమ్మకు చెప్పింది."

"నీకెప్పుడు తెలుసు?"

"అమ్మ పోయే ముందు, ఆస్పత్రిలో చెప్పింది."

అమ్మ పోయి ఎనిమిదేళ్ళు. ఎనిమిది కోతలకు వచ్చి నా పక్కన కూర్చుని తాలు ఏరింది. నేను పెట్టింది తిన్నది. నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

"ఒక్కసారన్నా అడగలేదేమే?"

"నువ్వే చెబుతావని చూశా."

ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది నన్ను ఓదార్చలేదు, కసరనూ లేదు. నా చేతిలో దబ్బనం తీసుకుని మిగిలిన కుట్టు కుట్టింది. కాసేపటికి నేనే అడిగాను. "అమ్మ నా గురించి ఇంకేమంది? నాకేమన్నా చెప్పమందా?"

అది పురికొస ముడేసింది. పళ్ళతో కొరికి తెంపింది. చేతులు చీర కొంగుకు తుడుచుకుని, నా వైపు కాక గుమ్మం వైపు చూసింది.

"అంతే, ఇంకేం అనలేదు."

ముప్పై ఏళ్ళు ఆ మాట అన్నదాన్ని. వెనక ఏమీ లేనప్పుడు అది నిదానంగా వస్తుంది. ఏదన్నా దాచినప్పుడు రెండో ముక్క కాస్త తొందరగా వస్తుంది. చెల్లెలికి తొందరగా వచ్చింది. అమ్మ నాకేదో చెప్పి పంపింది. క్షమించానందో, శపించిందో, ఒట్టి జాగ్రత్తే చెప్పిందో, అది చెల్లెలి దగ్గరుంది. మళ్ళీ అడగాలనే ఉంది. ఏ మొహంతో అడగను.

బస్సెక్కేటప్పుడు ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉండనీ అక్కా," అంది. ఈ ఏడు కోతలు దగ్గర పడ్డాయి. అది వస్తుంది, ఆ పట్టా నీడలోనే నా పక్కన కూర్చుంటుంది. నేను అడుగుతాను. అదేం చెబుతుందో నాకు తెలుసు.