కొత్తగూడకంతా నేనే నార్మల్

ఒక మనిషి తన రక్తంతో ఊరికి సేవ చేశాడంటే మీరు చేతులెత్తి దండం పెడతారు. నేనూ చేశాను. నా ఒంట్లో రక్తం తీసి, ఒక ఊరందరి రిపోర్టులనూ తలకిందులు చేశాను. ఒక పెద్దమనిషి చేత గిన్నెలకు గిన్నెలు నెయ్యి తినిపించాను. ఒక డాక్టరమ్మ ల్యాబుకు తాళం పడే పరిస్థితి తెచ్చాను. కాబట్టి ఆ దండం కాసేపు ఆపి, ముందు జరిగింది వినండి.

తొంభైల చివరి సంగతి. కొత్తగూడ చౌరస్తాలో అప్పటికి ఫ్లైఓవరూ లేదు, ఇన్ని అపార్టుమెంట్లూ లేవు. ఇవతల బండరాళ్ళు, దుమ్ము. అవతల కొత్తగా లేస్తున్న అద్దాల మేడలు. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు రక్తపరీక్ష అవసరం పడకపోదని నమ్మి, విజయవాడ నుంచి వచ్చిన డాక్టర్ శారదగారు చౌరస్తాలో ఒక మడిగె అద్దెకు తీసుకుని ల్యాబు తెరిచారు. పగలు ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుని, సాయంత్రం వచ్చి రిపోర్టులు చూసి సంతకాలు పెట్టేవారు. కడప నుంచి డిప్లొమా చేతబట్టుకుని దిగిన నేను టెక్నీషియన్ని. రక్తం తీసేవాడు లింగంపల్లి యాదగిరి.

అన్నీ కుదిరాయి గానీ జనమే సరిగ్గా కుదరలేదు. అద్దాల మేడలో ఒక కంపెనీ తన ఉద్యోగులందరికీ ఏటా పరీక్షలు చేయించే కాంట్రాక్టు ఇస్తానంటోంది. అది వస్తే ల్యాబు నిలుస్తుంది. రాకపోతే శారదగారు విజయవాడ బస్సెక్కుతారు, నేను కడప బస్సెక్కుతాను. యాదగిరికి ఆ బెంగ లేదు, లింగంపల్లి బస్సు వాడు రోజూ ఎక్కేదే.

ఇక్కడ మీకో చిన్న పాఠం చెప్పాలి, ఓర్చుకోండి. మిషన్ నిజం చెబుతోందా లేదా అని తేల్చుకోవడానికి ల్యాబుల్లో ఒక పద్ధతి ఉంది. ఏది ఎంతుందో ముందే తెలిసిన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు, ఒక బుడ్డిలో వస్తుంది. దాన్ని కంట్రోల్ అంటాం. పొద్దున్నే మిషన్లో ముందు దాన్ని పెట్టాలి. దానికి రావలసిన అంకె వస్తేనే మనుషుల రక్తం జోలికి వెళ్ళాలి. ఆ బుడ్డి పైదేశాల నుంచి మంచులో చల్లగా కూర్చుని వస్తుంది, ధర వింటే చెమట్లు మాత్రం మనకు పడతాయి. మనలాంటి దేశాల్లో చిన్న ల్యాబులు ఏం చేసుకోవాలో నేర్పడానికి నగరంలో ఒక శిక్షణ పెడితే, శారదగారు నన్ను పంపించారు.

పొద్దున చెప్పిందంతా శ్రద్ధగా విన్నాను. "కొనలేకపోతే దిగులుపడకండి, కంట్రోల్ మీరే తయారుచేసుకోవచ్చు" అన్నారు. ఎంత ముచ్చటేసిందో! తరువాత భోజనానికి బిర్యానీ పెట్టారు. మధ్యాహ్నం, ఆ తయారీ ఎలాగో వివరంగా చెప్పారట. చాలామంది సీరం కలపాలట. దాని విలువ ఊహించకూడదట, కొన్న కంట్రోల్ పక్కన పెట్టి పదే పదే కొలిచి తేల్చుకోవాలట. ఇన్ని 'అట'లు ఎందుకు వచ్చాయో బిర్యానీ తిన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. సర్టిఫికెట్ మాత్రం మెలకువగానే అందుకున్నాను.

తిరిగి వచ్చిన కొద్దిరోజులకు ల్యాబులో కొన్న బుడ్డి అయిపోయింది. నా విద్య చూపించే సమయం వచ్చింది. చొక్కా చేయి పైకి మడిచి యాదగిరి ముందు కూర్చున్నాను.

"రక్తం తీయప్పా."

"ఏమైందన్నా? జ్వరమొచ్చిందా ఏంది?"

"కంట్రోల్ తయారుచేయాల. దానికి ఏ జబ్బూ లేని మనిషి రక్తం కావాల."

"గా మనిషి ఎప్పుడొస్తడన్నా?"

"నీ ముందర కూర్చోనుండేది ఎవురు మరి?"

యాదగిరి నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. "నీ ఇష్టమన్నా. జర పిడికిలి బిగించు" అన్నాడు.

నా తర్కం వినండి. పాతికేళ్ళు నిండలేదు. పొద్దున్నే పరుగెత్తుతాను. సిగరెట్టు ముట్టను. కాబట్టి ఆరోగ్యవంతుణ్ణి. ఆరోగ్యవంతుడి కొలెస్ట్రాల్ నూట అరవై ఉంటే భేషుగ్గా ఉన్నట్టని పుస్తకం చెబుతోంది. కాబట్టి నాది నూట అరవై. తీరా నా సీరం మిషన్లో పెడితే మూడు వందల ఇరవై చూపించింది!

మీరైతే భయపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తేవారు. నేను మిషన్‌కు పిచ్చెక్కిందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళను చూసి ఉంటారు. నేను ఏకంగా మద్దెల విప్పి బాగుచేశాను. మిషన్లో ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది. కొలెస్ట్రాల్ ఫలితం ప్రతిదాన్నీ దానితో హెచ్చవేస్తుంది. ఆ అంకెను సరిగ్గా సగానికి తగ్గించాను. మళ్ళీ పెట్టాను. నూట అరవై! నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ రోజు నుంచి కొత్తగూడకు ఆరోగ్యం పట్టుకుంది. వచ్చినవాడికల్లా కొలెస్ట్రాల్ సగమే. సాయంత్రం సంతకాలు పెడుతూ శారదగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమయ్యా ప్రసాదూ, అందరికీ ఇంత తక్కువ వస్తోందేమిటి?"

"ఇక్కడ గాలి మంచిదండీ."

"గాలికీ కొలెస్ట్రాల్‌కీ ఏమిటయ్యా సంబంధం? కంట్రోల్ సరిగ్గా వస్తోందా?"

"రోజూ నూట అరవై మీదే నిలబడతాందండీ. ట్రైనింగ్‌లో చెప్పినట్టు సొంతంగా తయారుచేశాను."

నిలబడక ఏం చేస్తుంది? దొంగనే కాపలా పెట్టి, ఇంట్లో దొంగతనం జరిగిందా అని వాడినే అడిగినట్టుంది. పాపం, ఆవిడ నేను మధ్యాహ్నం పాఠం కూడా విన్నాననుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ కంపెనీ నుంచి సుబ్బారావుగారు వచ్చారు. కాకినాడ మనిషి. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాక ఇక్కడ పరిపాలన చూస్తున్నారు. కాంట్రాక్టు ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే.

"ముందు నాకు చేసి చూపించండి బాబూ, తరువాత మా పిల్లలందరినీ పంపుతాను. నాకు కొలెస్ట్రాల్ ఎక్కువండీ. మా ఆవిడ నెయ్యి వాసన కూడా చూడనివ్వట్లేదు" అన్నారు.

రిపోర్టులో నూట నలభై వచ్చింది.

"నూట నలభయ్యా! ఇంకోసారి చదవండి బాబూ!"

"నూట నలభైనండీ. మీరు పహిల్వాన్ల లెక్కలో ఉండారు సార్."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కాంట్రాక్టు మీదే అనుకోండి" అని నా చేతులు పట్టుకుని ఊపారు. రోగి కోరిందీ నెయ్యే, ల్యాబు ఇచ్చిందీ నెయ్యే. ఆయన ఇంటికి వెళ్ళి మాత్రలు అటకెక్కించి, ముద్దపప్పులో నెయ్యి గుంట చేసుకుని భోంచేశారు. ఆ ఆనందంలో మాకు కాకినాడ కాజాలు కూడా పంపారు. సింహభాగం ఎవరు తిన్నారో మీరు ఊహించగలరు.

అయితే ఆయన భార్య రిపోర్టుల కంటే కళ్ళను నమ్మే మనిషి. నెయ్యి గిన్నె ఖాళీ అవుతున్న వేగం చూసి, ఆయన్ను అబిడ్స్‌లోని పాత డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ రెండు వందల ఎనభై వచ్చింది.

మర్నాడు సాయంత్రం సుబ్బారావుగారు రెండు రిపోర్టులూ పట్టుకుని వచ్చి శారదగారి బల్ల మీద పరిచారు.

"డాక్టరుగారూ, నేను అబిడ్స్‌లో రోగినండీ, కొత్తగూడలో పహిల్వాన్ని. దారిలో ఎక్కడ మారానంటారు?"

శారదగారి ముఖం పాలిపోయింది. నా వైపు తిరిగారు.

"కంట్రోల్‌కి ఎంతమంది సీరం కలిపావు?"

"ఎంతమందిదో ఎందుకండీ? నాదే" అన్నాను, ఛాతీ ఇంకా విరుచుకునే ఉంది.

"నీ ఒక్కడిదా! నీకు నూట అరవై అని ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉండాదండీ."

"పుస్తకంలో నీ పేరుందా?"

యాదగిరి మెల్లగా వెనక్కి జరిగాడు. "నాకేం తెల్వదు మేడం, అన్న తీయమన్నడు, తీసిన, గంతే."

శారదగారు ఆసుపత్రికి మనిషిని పంపి కొన్న కంట్రోల్ బుడ్డి ఒకటి తెప్పించారు. ఫ్యాక్టర్ మళ్ళీ పాత అంకెకు మార్చారు. కొత్త బుడ్డికి రావలసిన అంకె వచ్చింది. సుబ్బారావుగారి రక్తం మళ్ళీ తీసి పెడితే రెండు వందల ఎనభై. చివరికి నాది పెట్టారు. మూడు వందల ఇరవై.

"మిషన్‌కు ఏ జబ్బూ లేదండీ సుబ్బారావుగారూ" అన్నారు శారదగారు. "జబ్బు కంట్రోల్‌కి."

నా జబ్బు సంగతి అప్పుడు తట్టనే లేదు. నా మాట నమ్మి మాత్రలు మానేసినవాళ్ళు ఇంకెందరున్నారో అని గుండె ఝల్లుమంది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శారదగారు మాత్రం తడబడలేదు. "ఈ మధ్య పరీక్ష చేయించుకున్న ప్రతివారినీ పిలిపించి, తప్పు మాదేనని చెప్పి, ఉచితంగా మళ్ళీ చేస్తామండీ. ఇది దాచిపెట్టి మీ కాంట్రాక్టు తీసుకోవడం నా వల్ల కాదు" అన్నారు. సుబ్బారావుగారు రెండు రిపోర్టులూ మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను మనసులో కడప బస్సుకు సీటు పట్టుకున్నాను.

"మరి ఇక మీదట ఇలా జరక్కుండా ఏం చేస్తారమ్మా?"

"రోజూ రెండు రకాల కంట్రోళ్ళు పెడతామండీ. ఒకటి నార్మల్‌ది, ఒకటి బాగా ఎక్కువ ఉన్నది. రెండూ కొంటాం. ఖర్చయినా సరే."

సుబ్బారావుగారు నన్ను ఎగాదిగా చూశారు.

"నార్మల్‌ది కొనండి. ఎక్కువ ఉన్నదాన్ని ఆల్రెడీ జీతమిచ్చి పెట్టుకున్నారుగా, మళ్ళీ కొనడం దేనికి? ఆ మిగిలేదేదో మా పిల్లల రేటులో తగ్గించండి. సోమవారం నుంచి పంపిస్తాను."

అలా ల్యాబు నిలిచింది, నా పరువు పోయింది. ఆ సాయంత్రమే మిషన్ మీద కుడిచెయ్యి పెట్టి, యాదగిరి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలోనే కాదు, రాబోయే ఏడు జన్మల్లోనూ నన్ను నేను నార్మల్ అని ప్రకటించుకోను. తరువాత పెళ్ళయ్యాక, నేను నార్మలేనా అని ఎవరైనా గట్టిగా అడిగితే, నన్ను నలుగురి పక్కన నిలబెట్టి కొలిచాకే జవాబు చెప్పమని మా ఆవిడకు అప్పగించాను. ఆవిడ ఇంకా కొలుస్తూనే ఉంది.